కింద పెట్టిన చాకు

ఎల్లారెడ్డి,
కచేరీ లెక్కలో 1349 ఫసలీ. ఇంగ్లీషు లెక్కలో 1940. అవ్వ లెక్కలో మామిడికాయకు పులుపు ఎక్కిన కాలం.

తల్లి తరువాత తల్లి అంతటిదైన అక్క అనసూయమ్మకు, తమ్ముడు సిద్దిరాములు మన్మాడు వైపు తిరిగి దండం పెట్టి వ్రాయునది ఏమనగా,

తాడ్వాయిలో మనల్ని కన్న బాపు క్షేమం, కన్న అవ్వ క్షేమం, రెండు ఎడ్లూ క్షేమం. ఎల్లారెడ్డిలో నేను క్షేమం. ఎవరి చోట వాళ్ళం ఇంత క్షేమంగా మునుపెన్నడూ లేము. నువ్వూ, బావా, పిల్లవాడూ అంతకంటే మేలైన క్షేమంలో ఉన్నారని తలుస్తాను. బర్రె ఈనింది. దున్న పుట్టింది. ఆ అపరాధానికి అవ్వ బర్రెతో రెండు పూటలు మాట్లాడలేదు. ఆ తరువాత జున్ను చూసి క్షమించింది.

నీ జాబు అందింది. బర్రె సంగతి అడిగావు, చెప్పేశాను. బావ పట్టాల వెంట డ్యూటీకి పోయేటప్పుడు రోజూ జేబులో ఉండడానికి ఎట్లాంటి చాకు కొనాలో చెప్పమన్నావు. నాకు నౌకరీ ఎట్లా దొరికిందన్నావు. రెండు జాబుల నుంచి బాపు తన మాటగా ఒక్క ముక్క కూడా వ్రాయించడం లేదేమని, ఉగాదికి రాలేదని నీ మీద కోపమా అని అడిగావు. పట్నంలో ఇన్నేళ్ళు బి.ఏ. చదివి నేను నేర్చుకున్న ఏకైక విద్య ఏమంటే, ప్రశ్నపత్రంలో చేతనైన ప్రశ్నను ముందు పట్టుకుని, దానికి ఒళ్ళు దాచుకోకుండా జవాబు వ్రాయడం. కనుక చాకుతో మొదలుపెడుతున్నాను. బావను సావధానంగా వినమను.

ఇక్కడి జాగీరు కచేరీలో ఒక గుమాస్తా జాగా ఖాళీ అయిందని నీకు తెలుసు. ఆ జాగా నాయబు సాబు చేతిలో ఉంది. ఆయన జాగీరు పెత్తనం చూడడానికి పట్నం నుంచి వచ్చిన మనిషి. కలాలు చెక్కుకోవడానికి, పండ్లు కోసుకోవడానికి సాబుకు ఒక మంచి జేబుచాకు లేక ఎంతో ఇబ్బందిగా ఉందని కచేరీ జవాను ఒకనాడు బాపు చెవిలో వేసి పోయాడు. సర్కారు భాషలో దీన్ని ఏమంటారో నేను చదువుకున్న పుస్తకాల్లో లేదు. బాపు మాత్రం వెంటనే బండి కట్టించాడు. బి.ఏ. పాసై, ఇంట్లో కూర్చుని, ఊరివాళ్ళ జాబులు చదివిపెడుతూ, పెట్టిన పప్పులో ఉప్పు తక్కువైందని వంకపెట్టే కొడుకు ఉన్న మనిషి అంతకంటే ఏం చేస్తాడు? నన్నూ ఎక్కమన్నాడు. చదువుకున్నవాణ్ణి గదా, ఇంగ్లీషు చాకు గుణం నాకు తెలుస్తుందని.

కామారెడ్డిలో టేషను దారిలో సీతారాం సేటు దుకాణం నువ్వు ఎరుగుదువు. నీ పెండ్లికి ఇత్తడి బిందెలు అక్కడే తెచ్చాం. సేటు ఎర్రటి గుడ్డ పరిచి చాకులన్నీ పేర్చాడు. విలాయతీవి, జర్మనీవి, రాంపూరివి. జర్మనీ చాకును చూపిస్తూ గొంతు తగ్గించి, లడాయి మొదలైంది కాబట్టి ఇక ఇవి రావన్నాడు. లడాయి మొదలైన నాటి నుంచి సేటు దుకాణంలో సూదితో సహా ఏ వస్తువూ ఇక రానిదే.

నేను ముత్యపుచిప్ప పిడిది తీశాను. అది అద్దంలా మెరుస్తోంది, పక్కన మెలికలు తిరిగిన ఒక మర కూడా ఉంది. బాపు దాన్ని ముక్కు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"గీ మర ఏందిరా?"

"సీసా బిరడ తీసేది, బాపు."

"దానికి దేవుడు నోట్లె పండ్లిచ్చిండు గదా," అని పక్కన పెట్టాడు.

ఆ తరువాత ఆయన చాకులను ఎంచిన తీరు అంగడిలో ఎడ్లను ఎంచినట్టే ఉంది. బావ కోసం వివరంగా వ్రాస్తున్నాను. అలుగు, అంటే కోసే రేకు, పొడవు నాలుగు వేళ్ళ వెడల్పును మించకూడదు. మించితే అది చాకు కాదు, జగడం అన్నాడు. తళతళ మెరిసేదాన్ని నమ్మకూడదు. మెరుగు కింద ఉక్కు ఉందో రేకు ఉందో తెలియదు. సగం తెరిచి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. కీలు దగ్గర గలగలమంటే ఇప్పుడే వదులైందన్నమాట, ఏడాదికి ఊడి చేతికొస్తుంది. పదును చూడడానికి నేను కాలేజీ కుర్రవాడిలా ముంజేతి వెంట్రుకలు గీసి చూపించాను. బాపు బయటికి పోయి ఒక పచ్చి వేపపుల్ల విరుచుకొచ్చి, నిలువున కాకుండా ఏటవాలుగా కోశాడు. తోలు చీరుకుపోకుండా తెగాలట. ఇక పిడి. నున్నటి పిడి మామిడిరసం తగిలితే జారుతుంది. దుప్పికొమ్ము పిడి గరుకుగా ఉండి చేతిని పట్టుకుంటుంది.

అన్నిటికంటే పెద్ద పరీక్ష కమానుది, అంటే అలుగును పట్టి ఉంచే స్ప్రింగుది. ఒక చాకు వేలు తగిలితే తెరుచుకుంటే, ఇంకొకటి గోరు విరిగినా తెరుచుకోలేదు. బాపు రెంటినీ ఎర్రగుడ్డ మీదికి తోసేశాడు.

"ఊకె తెరుసుకునేది జేబుకు చేటు, తెరుసుకోనిది పనికి చేటు," అని, నా వైపు చూసి, "నీ నోటికి గూడ మంచి కమాను ఏపిచ్చుంటే ఎప్పుడో నౌకరైతుండెరా," అన్నాడు.

సేటు నవ్వాడు. నేనూ నవ్వాను. న్యాయమైన మాటకు నవ్వడానికి నాకు ఎన్నడూ మొహమాటం లేదు.

చివరికి దుప్పికొమ్ము పిడిది ఒకటి నిలిచింది. అప్పుడు బాపు చేసిన పని చెప్తాను విను. దాన్ని మడిచి, తన మొలకు దోపుకుని, దుకాణంలో ఆ చివరి దాకా నడిచి, మళ్ళీ వచ్చి, కింద కూర్చుని, లేచి, వంగి చూశాడు. "దినాం మొలకుండేది గుచ్చద్దు, ఉన్నట్టే తెల్వద్దు," అన్నాడు. ఆయన సొంత చాకు నీకు గుర్తుందిగా, మొలతాడుకు వేలాడే ఆ మొన విరిగిన ముసలిది. అది ఒకవైపు, ఇది ఒకవైపు. మొల మీది చాకును తీయడానికి ఆయనకు కాస్త ఎక్కువ సేపే పట్టింది. నువ్వూ ఒకటి తీసుకో బాపు అన్నాను. ముసలి నడుముకు కొత్త చాకెందుకని గుడ్డ మీద పెట్టేశాడు. సేటు కూడా మన వైపు మనిషే. చుట్టి ఇచ్చేటప్పుడు చేతికి ఇవ్వలేదు, గుడ్డ మీదనే పెట్టాడు. బాపు అక్కడి నుంచి తీసుకున్నాడు.

మన ఇంటి చట్టం నీకు గుర్తుచేయనక్కరలేదు. ఉప్పూ, కత్తీ చేతికి ఇవ్వరాదు. ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ పగ పడుతుంది. చిన్నప్పుడు కోతల్లో నువ్వు నాకు కొడవలి చేతికి అందించావని, ఇద్దరినీ గట్టు మీద నిలబెట్టి, కొడవలి కింద పెట్టించి, మళ్ళీ నాతో తీయించాడు. "అక్కాతమ్ముండ్లకు బతికినన్ని దినాలు లొల్లి కావాల్నా?" అన్నాడు. ఆ సాయంత్రమే మనం రేగుపండ్ల కాడ జుట్లు పట్టుకున్నాం. అయినా చట్టం చట్టమే.

ఇప్పుడు కచేరీకి వద్దాం. రాక తప్పదు.

నాయబు సాబు తివాచీ మీద, దిండుకు ఆనుకుని, చుట్టూ నలుగురైదుగురు గుమాస్తాలతో కూర్చుని ఉన్నాడు. బాపు ఉతికిన రుమాలు చుట్టుకుని, చెప్పులు వాకిట్లో విడిచి, లోపలికి పోయాడు. నేను వెనక నిలబడ్డాను. బాపు మొలలోంచి చాకు తీసి, రెండు చేతులతో, దేవుడి ముందు కొబ్బరికాయ పెట్టినంత మెల్లగా, సాబు ముందర నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి చేతులు కట్టుకున్నాడు. బాపు లెక్కలో అంతకంటే ప్రేమగా ఇవ్వడం లేదు. నీకూ మాకూ ఎన్నడూ పగ రాకూడదు అని దాని అర్థం.

సాబు నేల వైపు చూశాడు. తరువాత బాపు వైపు చూశాడు. ఆయనకు వచ్చిన తెలుగులో, కుక్కకు రొట్టె వేసినట్టు వేస్తివేమి గంగారాం అన్నాడు. బాపుకు మొదట అర్థం కాలేదు. అర్థమైన తరువాత కంగారుపడి, చాకు చేతికిస్తే పగ పడుతుందని, అది మా తాతల నాటి ఆచారమని, తప్పుగా తలచవద్దని చెప్పుకున్నాడు. నేను ముందుకు వచ్చి ఆ సంగతి చక్కటి ఉర్దూలో విన్నవించవచ్చు. చదివిందంతా ఉర్దూలోనే గదా. వాక్యం కూడా కూర్చుకుంటున్నాను, మంచి తూకమైన వాక్యం. అది పూర్తయ్యేలోపల సాబు అన్నాడు:

"నాతోని పగ పట్టే సత్తా నీకున్నదా? తీసి చేతికియ్యి."

బాపు వంగాడు. చాకు తీశాడు. తీసుకుపోయి సాబు చేతిలో పెట్టాడు. ఆ పెట్టేటప్పుడు ఆయన రెండు చేతులూ వణికాయి. భయం వల్ల కాదు. అరవై ఏళ్ళు చేయని పని చేస్తే చేతులకు తెలుస్తుంది.

అక్కా, ఇక్కడి దాకా వ్రాసి నేను లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఇక నౌకరీ ఎట్లా దొరికిందన్న ప్రశ్నకు జవాబు వ్రాస్తాను. చాకు వల్ల దొరికిందని ఊరంతా అనుకుంటున్నారు. కాదు. నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు ఇక్కడి నుంచి చదువు. బావ పక్కన ఉంటే, ఆయనను పిల్లవాణ్ణి ఎత్తుకుని కాసేపు బయట తిప్పమను.

బాపు చేతులు వణకడం చూసి సాబు తన వాళ్ళ వైపు తిరిగి ఉర్దూలో ఒక మాటన్నాడు. తెలుగులో వ్రాయవలసి వస్తే ఇంత: "ముసలాయన చాకిస్తున్నాడా, కన్నబిడ్డను అప్పగిస్తున్నాడా?"

మన ఇంట్లో ఆడపిల్లవు నువ్వు ఒక్కదానివే.

కచేరీ అంతా నవ్వింది. కానీ కచేరీ తరువాత నవ్వింది. మొదట నవ్వింది నేను. గుమాస్తాలు సాబు ముఖం చూసి, నవ్వవచ్చునా లేదా అని తూచుకునేలోపలే, వెనక నుంచి, గట్టిగా, నోరంతా తెరిచి నవ్వాను.

ఎందుకు నవ్వావని నువ్వు అడుగుతావు. నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. నౌకరీ కోసమని చెప్పవచ్చు, అది కొంచెం మర్యాదైన జవాబు. భయపడి అని చెప్పవచ్చు, అది అవ్వ నమ్ముతుంది. కానీ నిజం అది కాదు. మాట బాగుందని నవ్వాను. అది సరిగ్గా కుదిరిన మాట, అక్కా. నీ అప్పగింతల నాడు, నీ చేతిని బావ చేతిలో పెట్టేటప్పుడు, బాపు చేతులు అచ్చం అట్లాగే వణికాయి. అది నా కళ్ళ ముందు మెరిసింది. సాబు ఆ రోజు అక్కడ లేడు, నేను ఉన్నాను. కాబట్టి ఆ మాటలోని రుచి ఆ కచేరీ మొత్తంలో నాకు ఒక్కడికే పూర్తిగా తెలిసింది. హాస్యం తెలిసినవాడినని నన్ను కాలేజీలో అందరూ మెచ్చుకునేవారు. ఇదీ ఆ తెలివి.

సాబు నా వైపు వేలు చూపించి, ఆ నవ్విన కుర్రవాడు ఎవరన్నాడు. జవాను చెప్పాడు. హుషారైన కుర్రవాడు, మాట చెప్పగానే అందుకున్నాడు, ఇట్లాంటివాళ్ళే కచేరీలో ఉండాలి, రేపటి నుంచి రమ్మనండి అన్నాడు. అట్లా దొరికింది నౌకరీ. ఆ చాకు ఇంగ్లీషుదైనా జర్మనీదైనా ఒకటే అయ్యేది.

బాపు సాబు వైపు చూడలేదు. నా వైపు తిరిగి చూశాడు. సేటు దుకాణంలో కీలు గలగలమన్న చాకును చూసినట్టు.

బండిలో తిరిగి వస్తున్నాం. సగం దారిలో బాపు ముందుకు చూస్తూనే అడిగాడు, "సాబు ఏమన్నడురా?"

"చాకు మంచిగ ఎంచినవన్నడు, బాపు."

"ఔనా," అన్నాడు. ఎడ్లను అదిలించాడు.

బాపుకు ఉర్దూ రాదని నేను ఎందుకు అనుకున్నానో ఇప్పటికీ నాకు అర్థం కావడం లేదు. నేను పుట్టకముందు నుంచి కచేరీల గడపలు తొక్కిన మనిషి. ఆయన మాట్లాడడు, అంతే. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని సాబు అన్న మాట ముక్క పోకుండా అవ్వకు చెప్పాడట. అవ్వ నాకు చెప్పింది, నాలుగు వారాల తరువాత, జున్ను పెడుతూ. అంటే బండిలో నన్ను అడిగింది తెలియక కాదు. నాకు ఒక దారి తెరిచి పెట్టాడు. నేను దాని పక్క నుంచి నడిచిపోయాను.

నౌకరీ బాగానే ఉంది. మొదటి పని నాయబు సాబు కలాలు చెక్కడం. దేనితో అని అడగవద్దు. కొన్నాళ్ళకు పట్నం నుంచి ఆయనకు ఎవరో మెరిసే చాకు తెచ్చి ఇచ్చారు, సీసా బిరడ తీసే మరతో సహా. దుప్పికొమ్ముది నా ముందు పడేసి ఉంచుకోమన్నాడు. అప్పటి నుంచి అది నా జేబులోనే ఉంటుంది. బాపు చెప్పింది నిజం, మంచి చాకు. గుచ్చదు. కానీ ఉన్నట్టు మాత్రం అడుగడుక్కూ తెలుస్తుంది.

పోయిన జుమ్మాకు కచేరీ సెలవు. ఇంటికి పోయాను. బాపు అరుగు మీద కూర్చుని మడమలో తుమ్మముల్లు తీసుకుంటున్నాడు. ఆ మొన విరిగిన చాకుతో అది వచ్చేది కాదు. తవ్వుతున్నాడే గాని ముల్లు లోపలికి పోతోంది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆయన ఎంచిన చాకు, ఆయన మొలకు దోపుకుని నడిచి చూసిన చాకు, చుట్టూ తిరిగి ఆయన దగ్గరికే వచ్చింది గదా అనుకున్నాను. తెరిచి, తుడిచి, ఆయన కాలి పక్కన, అరుగు మీద పెట్టాను. పద్ధతి ప్రకారం. వెనక్కి కూడా జరిగాను.

బాపు దాన్ని చూశాడు. ముట్టలేదు. కుడి చేయి నా ముందుకు చాచాడు, అరచేయి పైకి పెట్టి.

"చేతికియ్యి."

"చేతికియ్యద్దంటవు గదా బాపు."

"కచేరిల ఇచ్చిన. ఇంట్ల సిగ్గేంది? ఇయ్యి."

అవ్వ గడపలో నిలబడి, వద్దు వద్దని నాకు తల ఊపుతోంది. బాపు చేయి అట్లాగే ఉంది, అక్కా. వణకడం లేదు. నేను ఇంకొక మాటేదో అని నవ్వించి తప్పించుకుందామని చూశాను. ఆ చేయి మాత్రం వెనక్కి పోలేదు. చాకు తీసి ఆయన చేతిలో పెట్టాను.

ముల్లు ఒక్క పోటుకు వచ్చేసింది. చాకును ధోవతి అంచుకు తుడిచి, మడిచి, మళ్ళీ నా చేతికే ఇచ్చాడు. చేతికి చేయి. తరువాత అవ్వ వైపు తిరిగి, "గుమాస్తా సాబు ఎండలకెల్లి వచ్చిండు, తాగనీకి సల్ల తెచ్చియ్యి," అన్నాడు. అప్పటి నుంచి నేను ఇల్లు దాటేదాకా నన్ను మీరు అనే అన్నాడు. కొట్టిన రోజుల్లో కూడా నాకు ఇంత దెబ్బ తగల్లేదు. అవ్వ చాటుగా నా చెంపలు నిమిరి, మీ బాపుకు ఎవరి దిష్టో తగిలిందని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు వచ్చిందో లేదో చూడడానికి నేను లోపలికి పోలేదు.

కాబట్టి ఉగాదికి మీరు రాలేదని బాపుకు కోపం అని నువ్వు మన్మాడులో కూర్చుని ఏడవవద్దు. నీ మీద ఆయనకు ఏ కోపమూ లేదు. ఆయన మాటగా రెండు జాబుల నుంచి ఒక్క ముక్క లేకపోవడానికి కారణం, ఆయన చెప్తే వ్రాయవలసినవాణ్ణి నేను కావడం. ఊరి బడిపంతులు చేత ఒక కార్డు వ్రాయించమని అవ్వతో చెప్పాను. వస్తే బాపు చెప్పిందే అనుకో. అందులో నా పేరు లేకపోతే ఆశ్చర్యపోకు.

నౌకరీ వదిలెయ్యమని నువ్వు వ్రాస్తావు. వదిలితే ఆ రోజు బాపు వంగింది కూడా వృథా అవుతుంది. ఉంటే రోజూ అదే కచేరీలో, అదే తివాచీ ముందు. దినమూ ఈ రెంటినీ తూస్తున్నాను, త్రాసు నిలవడం లేదు. సాబు ఇంకా మాటలు చెప్తూనే ఉన్నాడు, అందరికంటే ముందు నేను నవ్వాలని నా వైపు చూస్తూనే ఉన్నాడు. నవ్వుతూనే ఉన్నాను. కమాను వదులైన తరువాత తెరవడానికి గోరు కూడా అక్కరలేదు.

బావకు చాకు మన్మాడు బజారులోనే కొను. నాలుగు వేళ్ళు మించకుండా, చెవి దగ్గర ఊపి చూసి, గరుకు పిడిది. కొన్నాక ఒకసారి మొలకు దోపుకుని నడిచి చూడమను. నా దగ్గర ఉన్నది పంపుదామని మూట కూడా కట్టాను, మళ్ళీ విప్పేశాను. ఏ మాట తగిలిన చాకో తెలిసీ దాన్ని మీ ఇంటికి ఎట్లా పంపను?

మామిడిపండ్లకు మీరు తాడ్వాయికి వస్తామని వ్రాశావు. నేను కూడా వస్తాను. నువ్వు వాకిట్లో పీట వేసుకుని, ఎప్పటిలాగే పండ్లు కోయడానికి ఏదైనా తెమ్మంటావు. అప్పుడు నేను నా జేబులోనిది తీసి, తెరిచి, నీ ముందు కింద పెడతాను. ఏమీ అనను. నువ్వు కూడా ఏమీ అనవద్దు. తిట్టాలనుంటే తరువాత తిట్టు, బావ చేత కొట్టించు. కానీ ఆ ఒక్కసారికి నా ముందు అరచేయి చాచకు, అక్కా. వంగి, కింది నుంచే తీసుకో.

ఇట్లు,
నువ్వు కాదనేదాకా ఇట్లాగే వ్రాసుకునే
నీ తమ్ముడు
సిద్దిరాములు